మొహం మీద వెలుగు

కెమెరా నేర్చుకోవాలంటే ఒంటరిగానే రావాలని స్టూడియో మాష్టారు మొదటిరోజే చెప్పాడు. పక్కన మనిషుంటే చెయ్యి వణుకుతుందట. ఆమె సరేనంది.

స్టూడియో మేడమీద, చివరి గది. కింద కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు. ఆ రొదలో పైన గొంతు చించుకున్నా కిందకి వినపడదు. ఆమె తన కెమెరా పట్టుకుని లోపలికి రాగానే మాష్టారు తలుపు దగ్గరగా వేసేవాడు.

గోడల నిండా ఫోటోలే. ఊరంతా ఉంది, తీసినవాడు తప్ప. అదే అడిగితే నవ్వాడు.

"వడ్డించేవాడు పంక్తిలో కూర్చోడమ్మా."

పాఠం మాత్రం బాగా చెప్పేవాడు. ఎపర్చరు కిటికీ లాంటిది, ఎంత తెరిస్తే అంత వెలుగు. షట్టరు కంటిరెప్ప. అది నిదానంగా వాలితే కదిలేవన్నీ అలుక్కుపోతాయి. గదిలో వెలుగు చాలకపోతే ఐఎస్‌ఓ పెంచుకోవచ్చు గానీ, మరీ పెంచితే బొమ్మ మీద ఇసక చల్లినట్టుంటుంది.

ఆమె బుద్ధిగా తలూపేది. తీరా తియ్యమంటే అంతా గందరగోళమే. బల్లమీది పింగాణీ బొమ్మ ఓసారి బొగ్గులా వచ్చేది, ఓసారి సున్నం కొట్టినట్టు. మాష్టారు విసుక్కునేవాడు కాదు. వెనక నిలబడి, ఆమె వేళ్ల మీద తన వేళ్లు పెట్టి చక్రం తిప్పేవాడు.

ఇంట్లో ఎవరెవరుంటారని ఒకరోజు అడిగాడు. అమ్మా, తనూ అంది. ఇంకెవరూ లేరా అంటే లేరంది. ఇక్కడికొస్తున్నట్టు అమ్మకి తెలుసా అంటే తెలీదంది.

మాష్టారు లెన్సు తుడవడం ఆపి ఆమెని చూశాడు. మళ్లీ తుడవసాగాడు.

మీ దగ్గర ఇంకెవరైనా నేర్చుకున్నారా అని ఆమె అడిగింది.

"ఒకరిద్దరు వచ్చేవాళ్లు. మానేశారు."

మర్నాడు ఆమె మొండికేసింది. బొమ్మలతో లాభం లేదు, మనిషి మొహం తీస్తేగానీ తనకి రాదంది. ఇక్కడున్న మనిషి మీరేగా అంది. మాష్టారు ససేమిరా అన్నాడు. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. తనో మొద్దు, రేపట్నుంచి రానులెండి అంది.

"సరే, ఒక్కటే," అని మాష్టారు లేచాడు. ముందు గడియ పెట్టొద్దామని తలుపు వైపు నడిచాడు.

"వెయ్యకండి మాష్టారూ. బార్లా తియ్యండి. ఐఎస్‌ఓ పెంచితే మీ మొహం మీద ఇసక పడుతుంది."

శిష్యురాలికి ఇన్నాళ్లకు ఒక ముక్క ఒంటబట్టిందని ఆయనకి ముచ్చటేసింది. తలుపు తీసి, వెలుగులో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ఆమె వేళ్లు చూడకుండానే చక్రాలు తిప్పాయి. ఒక్కటే క్లిక్కు. కనుబొమ మీది చిన్న గాటుతో సహా మొహమంతా అద్దంలోలా వచ్చింది. మొద్దుకి ఇంత పనితనం ఎక్కణ్ణించి వచ్చిందా అని మాష్టారు తేరుకునేలోపే ఆమె మెట్లు దిగిపోయింది.

ఆ సాయంత్రం, ఎండాకాలం నుంచీ పెదవి విప్పని ఆమె చెల్లెలు ఆ ఫోటో చూసి, గోడవైపు తిరిగిపోతూ, "వీడే అక్కా," అంది.