రెండు వేళ్ల పాఠం

“వల కన్నులో మీ రెండు వేళ్లు దూరకపోతే, ఆ వల చేపపిల్లల పాలిట యముడే!” మత్స్యశాఖ అధికారి మైకు అదిరేలా చెప్పాడు. “మరి చిన్న చేప చేతికొస్తే ఏం చెయ్యాలి?”

“నీళ్లలోకి వదిలెయ్యాలి సార్!” పిల్లల అరుపులకు బడి పైకప్పు లేచిపోయింది.

పాఠం కాగానే ఉచిత వలల పంపిణీ మొదలైంది. మొదటి వల అందుకోవడానికి ఒక జాలరి, మూడో తరగతి చదివే కూతురితో వేదికెక్కాడు. వల చూడగానే అతనికి సంగతి తెలిసిపోయింది. కానీ పాత వల చిరిగిపోయి రెండు నెలలైంది. ఏమీ ఎరగనట్టే చేతులు చాచాడు.

“నవ్వవయ్యా, ఫోటో తీస్తున్నారు!” అన్నాడు అధికారి.

ఈలోగా పిల్ల వల కన్నులో వేళ్లు పెట్టింది. ఒకటి దూరింది. రెండోది ససేమిరా అంది.

“సార్, దూరట్లేదు” అంది, సరిగ్గా మైకు పక్కనే.

కింద కూర్చున్న పిల్లలంతా మెడలు సాచారు. అధికారి మాత్రం నవ్వు చెదరనివ్వలేదు.

“నీ వేళ్లు లావమ్మా.”

పిల్ల పెన్సిళ్లలాంటి తన వేళ్లను చూసుకుని, చేతులు వెనక్కి దాచుకుంది. “నిజంగా లావా నాన్నా?”

జాలరి ఒక్క క్షణం వలకేసి చూశాడు.

“కాదు తల్లీ. నువ్వు పాఠం సరిగ్గానే విన్నావు.” వలను మడిచి అధికారి చేతుల్లో పెట్టాడు. “చిన్నది చేతికొస్తే వదిలెయ్యమన్నారుగా సార్. ఈ వల కన్ను మరీ చిన్నది, వదిలేస్తున్నా.”

కెమెరా అప్పుడే క్లిక్కుమంది. ఫోటోలో ఉచిత వల అందుకున్నది అధికారే.