ఆరు అవకాశాలు

చూపు పోయిన మాస్టారు మంచం మీద నిటారుగా కూర్చున్నారు. ఫోన్‌లో రోజుకో మాట కనిపెట్టే ఆట. ఆరు అవకాశాలు. ఆయన చెబుతారు, భార్య చూసి నొక్కుతుంది.

“ఇవాళ్టి మాట కనిపెడితే బుర్ర బాగున్నట్టే. సోమవారం నుంచి బడికెళ్ళి నోటిపాఠం చెబుతాను. క్లూ చదువు.”

“నీళ్ళు పట్టేది. మూడక్షరాలు.”

“దోసిలి.”

ఆమె నొక్కింది. “కాదండీ.”

“కడవ.”

“కాదు.”

“సరిగ్గా చూశావా, మట్టిబుర్రా? పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే గోల నీతో.”

“చూశానండీ. ఒక్క అక్షరమూ కలవలేదు.”

బొక్కెన, చెరువు, మడుగు కూడా అయ్యాయి. ఆరోసారి నోరు తెరిచారు గానీ ఆయనకి మాట తోచలేదు.

“బడికి ఫోన్ చెయ్యి. నేనిక రాలేనని చెప్పు.”

ఆమె అక్కడే నిలబడి చేసింది. “ఆయన రాలేనంటున్నారండీ. ఇంకెవరినైనా చూసుకోండి.”

ఫోన్ పెట్టేయగానే ఆట మళ్ళీ తెర మీదికొచ్చింది. పై వరసలో దోసిలి. కింద అన్నీ ఖాళీ గళ్ళు. ‘మొదటి ప్రయత్నంలోనే గెలిచారు’ అని రాసుంది.

“దిగులెందుకు? ఈ మట్టిబుర్ర ఉందిగా,” అంటూ ఆయన కాళ్ళ మీదికి దుప్పటి లాగింది. “రేపు మళ్ళీ ఆడదాం లెండి.”