గోడకు నేర్పిన చరిత్ర

మా ఖరీదైన మద్యం దుకాణాలన్నిటిలో ఇప్పుడు మాట్లాడే గోడలే కంపెనీ చరిత్ర చెబుతున్నాయి. సికింద్రాబాదులోని ఈ మొదటి దుకాణం యజమానిగారి అభిరుచి వల్ల ఎదిగిందట! నిజానికి తాగేవాళ్లు వచ్చింది గుమ్మం పక్కన మా అమ్మ బుచ్చమ్మ ఉడకబెట్టి అమ్మిన శనగ గుడాల కోసం. గోడ విన్నదల్లా నేర్చుకుంటుంది కనుక, నేల తుడుస్తూ రోజూ దానికి ఈ సంగతి చెబుతాను. మేనేజరు సుహాసిని రోజూ దాన్ని గోడ జ్ఞాపకంలోంచి చెరిపేస్తుంది.

"మళ్ల షురూ చేసినవా ఐలన్నా? నౌకరి పోతది."

"పోనియ్ మేడం. మా అమ్మ పేరైతే పోనియ్య."

అంతలో ఒక ముసలాయన వచ్చి గోడను అడిగాడు. "ఈడ గుడాలమ్మే బుచ్చమ్మ ఉండె గదా, ఏమాయె?"

"ఈ దుకాణం ఆమె వల్లే నిలబడింది. ఆమె కొడుకు అదిగో, నేల తుడుస్తున్నాడు," అంది గోడ.

ముసలాయన నా వైపు తిరిగాడు. సుహాసిని గబగబా చెరిపేసింది.

నేను తుడుపుకర్ర పక్కన పెట్టి, ఆయనకూ గోడకూ కలిపి మొదటి నుంచి చెప్పసాగాను.