శనిగ్రహానికి వెళ్ళే పెట్టె

దూది పుల్ల మీద మళ్ళీ నూనె బయటపడింది.

కంటికి కనబడేంత కాదు. పరీక్ష యంత్రం గీసిన గీతలో చిన్న మిట్ట, అంతే. అయినా ఇంజినీరు ఆశ దాన్ని వేలితో చూపించింది.

"నువ్వుల నూనె సార్. ఈ పరీక్షలు మొదలుపెట్టినాక వరసగా ఇది మూడో సోమవారం."

మోహన్‌కుమార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. హెబ్బగోడిలోని ఆ చిన్న ల్యాబుకు ఆయనే పెద్ద. ఇంతకుముందు ఆయన తయారుచేసిన రెండు పరికరాలు రాకెట్లతో పాటు సముద్రంలో కలిసిపోయాయి. అప్పటినుంచి మాట తగ్గించేశాడు.

గాజు మూత కింద ఉన్న పెట్టె టిఫిన్ క్యారియర్ కంటే పెద్దదేమీ కాదు. అంతరిక్ష నౌకలో కూర్చుని అది శనిగ్రహం దాకా వెళ్ళాలి. ఆ గ్రహం చుట్టూ ఒక మంచు చందమామ తిరుగుతుంటుంది. దాని పగుళ్ళలోంచి నీళ్ళు చిమ్ముతుంటాయి. ఆ తుంపర్లు పట్టి, అందులో కొవ్వు పదార్థం ఉందో లేదో పెట్టె చెప్పాలి.

ఉంటే, అక్కడ ప్రాణం ఉండవచ్చు.

పెట్టెకే నూనె అంటి ఉంటే? అది చెప్పేదంతా అబద్ధం. ఆశ ఆరేళ్ళ కష్టం గంగలో కలిసినట్టే.

"శనికి నూనె పెట్టేంత భక్తి ఇక్కడ ఎవరికుంది సార్?"

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆశ ఆదివారం నాటి కెమెరా రికార్డింగ్ తెరిచింది. ఆదివారాలు ఆ గదిలోకి వచ్చేది ఒక్కరే. కాంట్రాక్టరు ఓబులేసు మూడు నెలల కిందట పనికి పెట్టిన కదిరమ్మ. నేల తుడిచే మనిషి.

తెర మీద కదిరమ్మ గాజు మూత ఎత్తింది. అటూ ఇటూ చూసింది. పెట్టె మూల మీద వేళ్ళు మెల్లగా ఆడించింది. మూత దించేసింది.

ముంజేతికి నల్లదారం. ఆశకు ఇంకేం సాక్ష్యం కావాలి?

పిలిపించింది.

"పెట్టెను ముట్టుకున్నావా, లేదా?"

"ముట్టినానమ్మా."

"నూనె పూసినావా?"

"నా బిడ్డల మీద ఆన. నేను పుయ్యలేదమ్మా."

"మరి చెయ్యెందుకు పెట్టినావు?"

కదిరమ్మ మోహన్‌కుమార్ వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. తలుపు దగ్గర ఓబులేసు పళ్ళు నూరుతున్నాడు.

"ఆదివారందే చూస్తిరి. శనివారంది గూడా చూడండమ్మా."

"శనివారం ఉండేది మా స్టాఫే కదా! వాళ్ళ మీద డౌట్ పడమంటావా?"

కదిరమ్మ గొంతు తగ్గించింది.

"ఇంకొక్క వారం ఉండనియ్యండమ్మా. ఆ పెట్టె పొయ్యేదాంక. జీతం లేకున్నా పర్వాలేదు, సుమ్మనే వచ్చి ఊడ్చి పోతా."

ఆ బతిమాలడం చూసి ఆశకు జాలి కలగలేదు. భయమేసింది. ఈ మనిషి ఆఖరి వారం ఏం చేయాలనుకుంటోంది?

"ఓబులేసప్పా, ఈమెను ఈరోజే పంపించెయ్. మళ్ళీ గేటు దాటి లోపలికి రాకూడదు."

కదిరమ్మ వెళుతూ వెళుతూ గాజు మూత వైపే చూసింది.

నాలుగు రోజులు ఆశ తనే కూర్చుని పెట్టెను శుభ్రం చేసింది. శుక్రవారం ఆఖరి పరీక్ష. గీత తిన్నగా వచ్చింది.

"చూసినారా సార్? మనిషి పోయింది, నూనె పోయింది."

ఆయన తల ఊపాడు.

ఆదివారం పొద్దున పెట్టెకు సీలు వేసి లారీ ఎక్కించారు.

తొమ్మిది నెలలకు రాకెట్టు చక్కగా లేచింది. ఈసారి సముద్రం పాలు కాలేదు. ల్యాబులో మైసూర్‌పాక్ పంచారు.

నౌక మన చందమామను దాటిపోయాక, పెట్టెను మొదటిసారి ఆన్ చేశారు. చుట్టూ ఏమీ లేదు. గీత తిన్నగా రావాలి.

నిట్టనిలువుగా లేచింది.

ఏమీ లేని చోట పెట్టె కొవ్వు ఉందంటోంది. శనిగ్రహం ఇంకా ఏడేళ్ళ దూరం. అక్కడ నిజంగానే ప్రాణం కనబడినా ఇక లోకంలో ఒక్కరూ నమ్మరు.

"కదిరమ్మ!" అనబోయి ఆశ ఆగిపోయింది. శుక్రవారం పరీక్షలో నూనె లేదు. అప్పటికి కదిరమ్మ వెళ్ళిపోయి నాలుగు రోజులు.

పాత రికార్డింగులు ఇంకా చెరపలేదు. పెట్టెకు సీలు వేసే ముందురోజు, శనివారంది తెరిచింది.

సాయంత్రం ఆరు. తను చేతిసంచి తగిలించుకుని వెళ్ళిపోవడం కనబడింది. తర్వాత మోహన్‌కుమార్ వచ్చాడు. జేబులోంచి చిన్న సీసా తీశాడు. వేలు ముంచి, పెట్టె మూల మీద బొట్టు పెట్టాడు. కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాడు.

అంతకుముందు శనివారమూ అంతే. దానికి ముందూ అంతే. అలా వెనక్కి పదకొండు శనివారాలు.

ఆశ ఓబులేసుకు ఫోన్ చేసింది.

"కదిరమ్మ ఎక్కడుంది?"

"ఆయమ్మ చందాపురలో రూము ఖాళీ చేసి ఎప్పుడో పాయె మేడం. యాడికి పాయెనో తెలీదు. అయినా నూనె పూసినామెతో మీకేం పని?"

ఆశ ఫోన్ పెట్టేసి, ఆనాడు చూసిన ఆదివారం రికార్డింగునే మళ్ళీ పెట్టింది. ఈసారి బొమ్మను పెద్దది చేసింది.

కదిరమ్మ వేళ్ళ మధ్య తడి దూది ఉంది.

పెట్టె మూలను తుడిచింది. దూదిని వాసన చూసింది. తల అడ్డంగా ఊపి, కొత్త దూది తీసుకుని మళ్ళీ తుడిచింది. అంతకుముందు ఆదివారాలవి తెరిచినా అదే.

పదకొండు శనివారాలు మోహన్‌కుమార్ పెట్టిన నూనె బొట్టును, పదకొండు ఆదివారాలు ఎవరూ చెప్పకుండానే తుడిచేస్తూ వచ్చింది, తను గేటు బయటికి పంపించేసిన కదిరమ్మే.