లారీ దిగని మనిషి

దిగకుండా కిటికీలోంచే పెత్తనం చేస్తాడా ఈయన, అనుకుంది టామ్సిన్.

గడ్డి లారీ వచ్చి పది నిమిషాలైంది. డ్రైవరు గ్లెన్ కిందికి దూకి కట్లు విప్పుతున్నాడు. పక్క సీట్లోని ముసలాయన మాత్రం టోపీ ముక్కు దాకా దించుకుని, మోచెయ్యి కిటికీకి ఆనించి, కదలకుండా కూర్చున్నాడు.

టామ్సిన్ ఈ పాడి పొలాన్ని కౌలుకు తీసుకుని ఏడు నెలలైంది. వచ్చిన దగ్గర్నుంచీ వాన లేదు. ఉత్తరాన పంట పండిన రైతులు ఊరికే పంపిన గడ్డి ఇది.

బాలరట్ టౌనులో పెరిగిన పిల్ల, ఒంటరిది, చలికాలం దాటకముందే సామాను సర్దుకుంటుందని ఊళ్ళోని ఫుట్‌బాల్ క్లబ్బులో పందేలు కాశారు. ఆ సంగతి పక్క పొలం నోలీన్ ఆమె చెవిన వేసింది. అప్పట్నించీ టామ్సిన్ ఏ పనీ ఒకరి చేత చెప్పించుకోదు.

ఇవాళ ముప్పై రెండు గడ్డి చుట్టలూ ఒక్కతే దించితే ఆ మాట క్లబ్బు దాకా వెళ్తుంది. ఒక్కటి జారినా అంతకంటే ముందే వెళ్తుంది.

ట్రాక్టరు ముందున్న లోడరుకు పేడ ఎత్తే పంజా తగిలించి ఉంది. అది తీసి, చుట్టలు గుచ్చి ఎత్తే ముళ్ళ చట్రం తగిలించాలి. టామ్సిన్ పంజాను నేల మీదికి దించి, ఇంజను ఆపి, కిందికి దూకి పంజాను ఆడించే నూనె పైపు మీద చెయ్యి వేయబోయింది.

"ఆగమ్మాయ్," అన్నాడు ముసలాయన. "ఇంజను ఆపావు, బానే ఉంది. లోడరు లివరు ఆడించావా?"

"ఆడిస్తాను."

"ఆడించలేదు. పైపుల్లో ఒత్తిడి ఇంకా అట్లాగే ఉంది. ముందు అది వదులు, తర్వాత పైపు ముట్టుకో."

గేటు దగ్గర నోలీన్ నిలబడి వింటోంది. టామ్సిన్‌కు తల కొట్టేసినట్టయింది. మళ్ళీ సీటెక్కి లివరు అటూ ఇటూ ఆడించింది. బుస్సుమంది. పంజా కాస్త కుంగి నేలకు సర్దుకుంది. అప్పుడు దిగి పైపులు ఊడదీసింది.

పంజాను వదిలించుకుని, ట్రాక్టరు వెనక్కి తీసి, ముళ్ళ చట్రానికి ఎదురుగా తెచ్చి తగిలించింది. టక్కుమంది.

"ఒకటే పడింది," అన్నాడు కిటికీలోంచి.

"ఏమిటి?"

"పిన్ను. చట్రాన్ని పట్టి ఉంచేవి రెండూ పడాలి."

"సీటు మీంచి చూశాను, రెండూ పడ్డాయి. నాకు కళ్ళున్నాయి పెద్దాయనా."

గ్లెన్ కట్టు విప్పడం ఆపి ఏదో అనబోయాడు. ముసలాయన ముందే నవ్వేశాడు.

"ఉన్నాయిలే. అందుకే దిగి చూడమంటున్నా. దిగేముందు ముళ్ళ మొనలు నేలకు ఆనించి గట్టిగా నొక్కు."

నొక్కింది. చట్రం కుడివైపు నిలబడింది. ఎడమవైపు నోరు తెరిచింది.

ఇంజను ఆపి దిగి చూసింది. ఎడమ పిన్ను రంధ్రం ముందే ఆగిపోయి ఉంది. ఎండిన పేడ అడ్డం పడింది. సీటు మీంచి చూస్తే మాత్రం లోపలికి దిగినట్టే కనబడుతుంది. చుట్ట గాల్లోకి లేచాక చట్రం ఊడి ఉంటే, కింద ఉండేది గ్లెన్.

తన భయం ఎవరికీ కనబడకూడదని మరింత కోపం తెచ్చుకుంది.

పేడంతా స్క్రూడ్రైవరుతో గీకి, చట్రాన్ని మళ్ళీ మొదట్నించీ తగిలించింది. టక్, టక్. మొనలు నేలకు నొక్కింది. ట్రాక్టరు ముందు చక్రాలు పైకి లేచాయి గానీ చట్రం కదల్లేదు.

"ఇప్పుడు శబ్దం బాగుంది," అన్నాడు ముసలాయన. "ఇక ఎత్తుకో అమ్మాయ్. గ్లెన్, నువ్వు దూరం జరుగు."

గంటన్నరలో ముప్పై రెండు చుట్టలూ కొట్టం పక్కన రెండు వరుసల్లో నిలబడ్డాయి. ఒక్కటీ జారలేదు, ఒక్క తాడూ తెగలేదు. తన పని చూసుకుని టామ్సిన్‌కే ముచ్చటేసింది.

గడ్డి తెచ్చినవాళ్ళను టీ, కేకు ఇవ్వకుండా పంపడం ఆ వైపు ఎవరూ ఎరగరు. టామ్సిన్ గ్లెన్ చేతికి రెండూ ఇచ్చి కిటికీ వైపు తిరిగింది.

"మీకు కావాలంటే దిగి రండి."

"నేను దిగితే మళ్ళీ ఎక్కించడానికి వీడి నడుం విరుగుతుంది. నా వాటా కూడా వాడికే ఇచ్చెయ్," అన్నాడాయన.

ఆమె నిజంగానే ఇచ్చేసింది. లారీ హారను కొట్టి వెళ్ళిపోయింది.

"ముసలి ఆంబ్రోస్‌ను అట్లా పంపించేశావేమిటే పిల్లా?" అంటూ నోలీన్ దగ్గరికొచ్చింది.

"దిగి ఉంటే నెత్తిన పెట్టుకునేదాన్ని. కూచున్న చోటి నుంచే శబ్దం బాగుందట. ఎవరిక్కావాలి ఆ మెప్పు?"

"నాక్కావాలి," అంది నోలీన్. "ఆయన ఈ గడ్డి లారీల వెంట పదకొండేళ్ళుగా తిరుగుతున్నాడు. మా పొలానికి నాలుగుసార్లు వచ్చాడు. బాగుందని నాతో ఒక్కసారీ అనలేదు. శనివారం క్లబ్బులో ఈ మాట నేనే చెబుతా. పందెం కాసినవాళ్ళ మొహాలు చూడాలి."

టామ్సిన్ కోపం సగం దిగిపోయింది. గర్వంతో ఛాతీ నిండిపోయింది. ఆ ముసలాయన మెచ్చుకోలు ఇంత దూరం పోతుందని ఆమె అనుకోలేదు.

"అంత చెయ్యి తిరిగినవాడు, దిగొచ్చి ఆ పిన్నేదో దగ్గర్నుంచి చూసి చెప్పొచ్చుగా?" అంది.

నోలీన్ లారీ వెళ్ళిన దారి వైపు తిరిగింది.

"నీకు తెలుసనుకున్నాను," అంది మెల్లగా. "పన్నెండేళ్ళ కిందట ఒత్తిడి వదలకుండా పైపు ఊడదీస్తే నూనె చిమ్మి రెండు కళ్ళూ పోయాయి పిల్లా, నీ పిన్ను సంగతి ఆయన వినే చెప్పాడు."