పదిహేను ఆంపియర్ల ఇల్లు

“పదిహేడు,” అన్నారు మామగారు, హాలు మధ్యలో గొంతుకూర్చుని. “ఉన్నది పదిహేను, కావలసింది పదిహేడు. ఇది కుదిరే పని కాదు.”

పెన్సిలు నాలిక మీద తడిచేసుకుని లెక్కల పుస్తకంలో మళ్లీ కూడారు. మళ్లీ పదిహేడే. ముప్పై ఏళ్లు మోటార్లకు తీగ చుట్టిన మనిషి. ఆయన కూడిక తప్పడం ఇంటిల్లిపాదిలో ఎవరూ చూడలేదు.

“ఏమిటి పదిహేడు, మామయ్యగారూ?” అంది వంటింట్లోంచి కోడలు.

“ఆంపియర్లమ్మా. కరెంటాఫీసు వాళ్లు మనకిచ్చేది పదిహేను. దాటితే ఫ్యూజు ఎగిరిపోతుంది. లైట్లూ ఫ్యాన్లూ కలిపి రెండు. మీ అత్తయ్య గీజరు ఐదు. నీ ఓవెన్ ఒక్కటే పది లాగుతుంది. వెనక చీటీ మీద చూశాను.”

“అయితే గీజరు తీసెయ్యండి.”

“తీసేది ఓవెన్,” అంది తన గదిలోంచి అత్తగారు. “వేడినీళ్లు పడకపోతే నా మోకాళ్లు లేవవు. రొట్టెలు కాలకపోతే ఎవరి మోకాళ్లూ పట్టెయ్యవు.”

కోడలు రొట్టెలు కాల్చి దుకాణాలకు వేస్తుంది. ఆ ఓవెన్ తన సంపాదనతో కొనుక్కున్నది. దాన్ని ఒక్క మాటంటే పుట్టింటిని అన్నట్టే. తలుపు ధడాలున వెయ్యాలనిపించింది గానీ కుదరలేదు.

“నా ఓవెన్ లేని ఇంట్లో నేను కాపురం చెయ్యను. మా అద్దె గది మాకుంది. మీ అబ్బాయి కూడా నాతోనే ఉంటాడు.”

అబ్బాయి గుమ్మంలో అడకత్తెరలో పోకచెక్కలా నిలబడ్డాడు. వంటింటివైపు అడుగేస్తే తల్లికి కోపం, గదివైపు వేస్తే పెళ్లానికి కోపం. అందుకని గంట నుంచీ అడుగే వెయ్యలేదు.

అత్తగారి ముఖం పాలిపోయింది. ఒక్కగానొక్క కొడుకు. వాడితో ఒక్కచోట ఉండాలన్న ఆశ తప్ప ఆవిడకు మరో ఆశ లేదు. అయినా పంతం పంతమే.

“పోతే పొండి,” అంది.

పక్కింటావిడ పిట్టగోడ మీద మోచేతులు ఆనించి అంతా వింటోంది. వీధికుక్క ఒకటి వంటింట్లోంచి అత్తగారి గదిలోకి, అక్కణ్నుంచి హాల్లోకి తాపీగా నడిచి, మామగారి పుస్తకం వాసన చూసి పోయింది. దాన్ని అదిలించే ఓపిక ఎవరికీ లేకపోయింది.

“ఉండండి, లెక్క సరిగ్గా చూద్దాం,” అన్నారు మామగారు. “వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే నిరోధం, గుణిస్తే పవరు. రెండువందల ముప్పై వోల్టులు, గీజరు ఐదు ఆంపియర్లు. అంటే దాని కాయిల్ నిరోధం నలభై ఆరు ఓములు, పవరు పదకొండు వందల యాభై వాట్లు. ఓవెన్‌ది ఇరవై మూడు ఓములు, రెండువేల మూడువందల వాట్లు.”

“నిరోధం తక్కువున్నదే ఎక్కువ లాగుతుందా, నాన్నా?”

“అవున్రా. ఎదురు చెప్పనివాడి నెత్తినే పనంతా పడదూ? ఇదీ అంతే.”

అబ్బాయికి అది బాగా అర్థమైంది. కాసేపు ఆలోచించి, “మరి గీజరుకి నిరోధం పెంచితే?” అన్నాడు.

“అత్తయ్యకి ఇప్పుడున్నది చాలదా?” అని గొణిగింది కోడలు.

మామగారు వినలేదు. పెన్సిలు పరుగెడుతోంది. “అలాంటి కాయిలే ఇంకోటి దాని వెనక వరసలో కలుపుతాం. తొంభై రెండు ఓములు. కరెంటు రెండున్నర ఆంపియర్లే. పవరు ఐదువందల డెబ్భై అయిదు. మొత్తం పద్నాలుగున్నర!”

“అంటే నీళ్లు కాగడానికి రెండింతలు సేపు,” అంది అత్తగారు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడకూ కొంత అబ్బింది. “అరగంట పట్టేది గంట పడుతుంది. ఆ గంటా చలిలో నేనేం కావాలి?”

మామగారు పుస్తకం పేజీలు తిరగేశారు. లెక్కల్లో దానికి జవాబు లేదు.

“వంటింట్లో ఓవెన్ పక్కన కూర్చోండి, అత్తయ్యా,” అంది కోడలు చివరికి. “వెచ్చగా ఉంటుంది. మోకాళ్లకీ మంచిది.”

“ఊరికే కూర్చోనా?”

“రొట్టెలు మాడకుండా చూస్తూ ఉండండి.”

“అది మాత్రం ఎవరో ఒకరు చూడాల్సిందే,” అంటూ అత్తగారు లేచింది. గది గుమ్మం దాటి, హాలు దాటి, వంటింటి గుమ్మంలోంచి పద్ధతిగా లోపలికి వెళ్లి కోడలి పక్కన నిలబడింది. ఇద్దరికీ కళ్లు చెమ్మగిల్లాయి. ఇద్దరూ చెరోవైపు చూశారు.

“అర ఆంపియరు మిగిలింది,” అన్నారు మామగారు ఆశగా. “నా రేడియోకి...”

“మిగలనివ్వండి,” అన్నారు అత్తాకోడళ్లు ఒక్కసారే. వాళ్లిద్దరూ ఒక్కమాట మీద ఉండటం అదే మొదలు.

అద్దె గది ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మామగారు పుస్తకం జేబులో పెట్టుకున్నారు. నలుగురూ వీధి గుమ్మంలోంచి వరసగా బయటికొచ్చారు. పొద్దుట్నుంచీ ఎదురుగా చెట్టు నీడన పడిగాపులు కాస్తున్న మేస్త్రీ, గునపం పట్టుకుని లేచాడు.

“అయితే ఇక ఈ ముగ్గు గీతల మీద పునాదులు తవ్వమంటారా?” అన్నాడు.