నాలుగో ఎలక్ట్రాన్

"కొత్తమ్మాయిని నా గదికే పంపాలి," అంది కెమిస్ట్రీ టీచరు, హాస్టల్ వార్డెన్ టేబుల్ ముందు నిలబడి.

పై అంతస్తులో మూడు గదులు, గదికి రెండు మంచాలు. నర్సు, బ్యాంకు క్యాషియరు, టీచరు తలో గదిలో ఒంటరిగా ఉంటున్నారు. సాయంత్రం నాలుగో మనిషి దిగుతోంది.

వార్డెన్ కళ్లజోడు పైకి తోసుకుంది. "ఎనిమిది నెలల్లో నువ్వు నోరు విప్పడం ఇదే మొదటిసారి కదమ్మా! అసలు మీ ముగ్గుర్నీ రెండు గదుల్లో సర్దేద్దామనుకున్నాను. వింటేగా! వచ్చిన ప్రతివాళ్లకీ ఖాళీ గదే కావాలి."

"ఎలక్ట్రాన్లూ అంతే అక్కా!" బోర్డు దొరికినంత సంబరపడింది టీచరు. రిజిస్టరు లాక్కుని చివరి పేజీలో మూడు గళ్లు గీసింది. "పరమాణువులో ఇలా సమానమైన గదులు మూడున్నాయనుకోండి. ముందు గదికొకటి చొప్పున చేరతాయి. మూడింటిలోనూ ఒక్కొక్కటి చేరాకే నాలుగోది ఇంకోదాని పక్కకు వెళ్తుంది."

"ఒకే గదిలో రెండుంటే కొట్టుకోవూ?"

"ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు తిరుగుతుంది. అలా సర్దుకుపోతాయి."

"మా ఆయనా నేనూ ముప్పై ఏళ్లుగా చేస్తున్నదదేలే!" పకపకా నవ్వింది వార్డెన్. "సరే, ఆ నాలుగోది ఏ గదికెళ్లాలో కూడా రాసుందా?"

పెన్ను ఆగిపోయింది. అలా ఎక్కడా రాసిలేదు. మూడు గదులూ సమానమే, దేనికైనా వెళ్లొచ్చు. పాఠం విషయంలో టీచరుకు అబద్ధం నోటికి రాదు.

"లేదక్కా. అయినా నాకే పంపండి. క్లాసులో రోజంతా మాట్లాడతాను, గదికొస్తే తిన్నావా అని అడిగే దిక్కు లేదు. పక్క గదివాళ్లను పలకరిద్దామని తలుపు దాకా వెళ్తాను. ఏం మాట్లాడాలో తోచక వెనక్కొచ్చేస్తాను."

వార్డెన్ నవ్వడం మానేసింది. "నా చేతుల్లో ఏముందమ్మా? మూడు గదులూ చూసుకుని నచ్చింది తీసుకుంటానంది ఆ పిల్ల."

సాయంత్రం టీచరు గది ఊడ్చి, రెండో మంచం మీది పుస్తకాలన్నీ తీసేసి, మొదట ఏం మాట్లాడాలా అని తర్జనభర్జన పడుతూ కూర్చుంది. నర్సు గది తలుపు చప్పుడైంది. తర్వాత క్యాషియరుది. గోడ అవతల మాటలు, నవ్వులు. ఇక రాదులే అని ఆశ వదులుకుంది.

అంతలో తన తలుపే చప్పుడైంది. కొత్తమ్మాయి లోపలికొచ్చి సూట్‌కేసు రెండో మంచం మీద పెట్టేసింది. "ఈ గదే తీసుకుంటానండీ."

టీచరుకు ఏనుగెక్కినంత సంబరం! "రా అమ్మా, రా! ఏ ఊరు మీది? టీ తాగుతావా? ప్రయాణం బాగా జరిగిందా?"

ఆ అమ్మాయి నీరసంగా చెయ్యి అడ్డం పెట్టింది. "ఏమీ అనుకోకండి. కాల్‌సెంటర్లో రోజుకు పది గంటలు వాగే ఉద్యోగం నాది, గదికొచ్చాక ఒక్క మాట కూడా భరించలేను. బొత్తిగా నోరు విప్పని మనిషి గది ఏదని అడిగితే, వాళ్లిద్దరూ మీ తలుపే చూపించారండీ."